ఎనభై ఎనిమిది ఊపులు

తెనాలి రైల్వే స్టేషన్ బయట నాగమ్మ టీ బండి దగ్గర బాజీ రోజూ టీ తాగే ముందు గ్లాసును గోటితో మీటుతాడు. ఖాళీ గ్లాసును చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి మీటి, ఖంగుమంటే నాగమ్మ చేతికిస్తాడు. మోత బొంగురుగా ఉంటే పక్కన పెట్టేస్తాడు. మొదట్లో నాగమ్మ విసుక్కునేది. కుండలు బేరం చేయడానికి వచ్చావా, టీ తాగడానికి వచ్చావా అని నలుగురిలో ఎగతాళి చేసేది. ఒకరోజు అతను పక్కన పెట్టిన గ్లాసులోనే ఇంకొకాయనకు టీ పోసింది. వేడికి గ్లాసు అడుగు ఊడి, టీ అంతా ఆయన ప్యాంటు మీద పడింది. ఆ తర్వాత నుంచి పొద్దున్నే కడిగిన గ్లాసులన్నీ ముందు బాజీ ఎదుట పెడుతుంది. "నీ పరీక్షేదో కానిచ్చెయ్యి బాబూ, బేరాల టైము" అంటుంది.

షేక్ బాజీకి నలభై తొమ్మిదేళ్లు. లోపల పగిలిన వస్తువు పైకి ఎలా తెలుస్తుందో కనిపెట్టడమే అతని బతుకుతెరువు. అది తండ్రి నాగూర్ బాషా నుంచి వచ్చింది. నాగూర్ బాషా తెనాలిలో కొట్ల తక్కెడలు బాగుచేసేవాడు. ఆ తర్వాత రేపల్లె రైసుమిల్లుల్లో బస్తాలు తూచే కాటాలు, చివరికి లారీని లారీగా తూచే వేబ్రిడ్జీలు కూడా అతని చేతికొచ్చాయి. అతనికి ఒక నియమం ఉండేది. కాటా సరిచేసిన చోట మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ రేపల్లె స్టేషన్ బెంచీ మీద కూర్చుని తినేవాడు. మిల్లువాళ్ల మజ్జిగ కడుపులో పోసుకుని వాళ్ల కాటా తప్పని చెప్పడానికి నోరు రాదని కొడుకుతో అనేవాడు. తెనాలి నుంచి రేపల్లె దాకా కాటాలు చూసే నాలుగైదు కుటుంబాల్లో ఈ పట్టింపు ఉండేది. మిగతావాళ్లు ఎప్పుడో వదిలేశారు.

వేబ్రిడ్జి మీద జరిగే మోసాల్లో బాజీకి అన్నిటికంటే రోత పుట్టించింది నీళ్ల మోసం. ధాన్యం లారీని నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి తూస్తారు. తేడా ఎంతో అంత ధాన్యం. కొందరు డ్రైవర్లు లారీ కింద డ్రమ్ముల నిండా నీళ్లు కట్టుకొచ్చి, రెండో తూకానికి ముందు మిల్లు వెనక్కి పోయి పారబోసేవాళ్లు. నీళ్లు కూడా ధాన్యంగా అమ్ముడుపోయేవి. కాటాలో ఏ లోపమూ ఉండదు. అది చెప్పిన రెండు అంకెలూ నిజమే. అందుకే ఆ మోసం బాజీకి మరీ అసహ్యంగా ఉండేది. నిజం చెప్పే వస్తువును అడ్డం పెట్టుకుని ఆడే అబద్ధం అది.

ఆరేళ్ల కింద బాపట్లలో ఒక కంపెనీ అతన్ని పిలిపించింది. తీరానికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల సముద్రంలో ఆ కంపెనీకి నాలుగు కాళ్ల ఇనుప కట్టడం ఒకటి ఉండేది. కింద గ్యాసు బావులు, పైన యంత్రాలు, పదకొండు మంది పడుకునే గదులు. అందరూ దాన్ని రిగ్గు అనేవాళ్లు. కట్టి ముప్పై ఏళ్లయింది. అంత పాత ఇనుము నీళ్లలో ఎక్కడ పగులుతుందో తెలుసుకోవాలంటే మనుషులు మునిగి చూడాలి. అలా మాటిమాటికీ మనుషుల్ని దించలేక సెన్సార్లు పెట్టారు. కాళ్లకు గోరంత రేకులు అంటిస్తారు. ఇనుము వెంట్రుకవాసి సాగినా రేకు ఆ సంగతి తీగల మీదుగా చెబుతుంది. వేబ్రిడ్జి కింద ఉండేదీ ఆ రేకే. బయటి నుంచి వచ్చిన ఇంజినీర్లు అంటించిన రేకులు ఉప్పుగాలికి రెండు నెలల్లో ఊడిపోయాయి. బాజీ అంటించినవి నిలబడ్డాయి. దాంతో ఏడాదికోసారి కాంట్రాక్టు రాసి అతన్నే ఉంచుకున్నారు.

రేకులతో పాటు పైన ఊపు కొలిచే పెట్టె ఒకటి ఉండేది. సముద్రంలో నిలబడ్డ ఏ కట్టడమైనా అలలకూ గాలికీ ఊగుతుంది. కంటికి తెలియదు కానీ, కుండకు ఒక మోత ఉన్నట్టే ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఆ రిగ్గు వంద సెకన్లకు ఎనభై ఎనిమిది సార్లు ఊగేది. ఎక్కడైనా పగిలి పట్టు సడలితే ఊపు మందగిస్తుంది, అంకె తగ్గుతుంది. ఆ అంకె బాపట్లలో అద్దె మేడ మీదున్న ఆఫీసు తెరపై పగలూ రాత్రీ కనిపిస్తూ ఉండేది.

ఆ ఆఫీసు గోడ మీది ఫొటోలో రిగ్గు పసుప్పచ్చగా, నీలి సముద్రం మధ్యలో ముచ్చటగా ఉంటుంది. నెలకోసారి నిజాంపట్నం హార్బరు నుంచి పడవలో వెళ్లి, నడుముకు తాడు కట్టుకుని దాని కాళ్ల దగ్గర వేలాడే బాజీకి కనిపించే రిగ్గు వేరు. అలలు తగిలే మేర కాళ్ల చుట్టూ జానెడు మందాన నల్లటి గుల్లలు, ఆలుచిప్పలు పెరిగి ఉండేవి. రేకు అంటించడానికి వాటిని గీకితే చితికి, చీము లాంటి నీరు మోచేతుల దాకా కారేది. వాటి సందుల్లోంచి కాళ్లున్నవీ లేనివీ ఏవేవో పాకుతూ బయటికొచ్చేవి. వంటగది కడుగునీళ్లు, పాయిఖానా గొట్టం తిన్నగా మూడో కాలి పక్కనే సముద్రంలోకి వదిలేవాళ్లు. మూడో కాలి మీదే అతని రేకులు నాలుగు ఉండేవి. ఎన్నిసార్లు చెప్పినా ఆ గొట్టం పక్కకు జరగలేదు. తనిఖీ వస్తోందంటే మాత్రం పైన తుప్పు గీకకుండానే దాని మీద పసుపు రంగు పూసేవాళ్లు. ఇంటికొస్తే అతని భార్య నౌషీన్ పెరట్లోనే స్నానం చేయించి, ఆ బట్టలు విడిగా బకెట్టులో నానేసేది. రెండు రోజులు అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి కంపు కొట్టేదని బాజీ చెబుతాడు.

రిగ్గు మీద క్రేను నడిపే జార్జిది రేపల్లె. ఒకప్పుడు అక్కడి మిల్లులో బస్తాలెత్తే యంత్రం నడిపేవాడు. కంపెనీకి మనిషి కావాలంటే అతన్ని తీసుకెళ్లి పెట్టించింది బాజీయే. పదిహేను రోజులు నీళ్ల మీద, పదిహేను రోజులు ఇంటి దగ్గర. బాజీ కంటే పదేళ్లు చిన్నవాడు. పైనుంచి తాడు పట్టుకునేది ఎప్పుడూ అతనే. కింద బాజీ ముక్కు మూసుకుంటుంటే, "అత్తరు దింపమంటావా అన్నా" అని పైనుంచి నవ్వేవాడు.

నిరుడు జూన్‌లో అంకె ఎనభై ఏడయింది. జూలైలో ఎనభై ఆరు. ఆగస్టులో ఎనభై అయిదు.

మేనేజరు రమేష్ బాబు సెన్సారు చెడిపోయి ఉంటుందన్నాడు. ఆ ఆఫీసులో అది అలవాటైన మాట. అంకె బాగుంటే రిగ్గు బాగున్నట్టు, అంకె బాగాలేకపోతే సెన్సారు బాగాలేనట్టు. బాజీ వెళ్లి ఊపు పెట్టె మార్చాడు. ఎనభై అయిదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, మూడోది కూడా తెప్పించి పెట్టాడు. మూడూ ఎనభై అయిదే అన్నాయి. ఈ బ్యాచి మొత్తం నాసిరకం అయి ఉంటుందని రమేష్ బాబు ముఖం చిట్లించాడు.

ఆ వారమే అతను బాజీని ఆఫీసులో భోజనానికి కూర్చోబెట్టాడు. చికెన్ బిర్యానీ, పెరుగుచట్నీ, కూల్‌డ్రింకు. అయిదేళ్లలో ఆ ఆఫీసులో బాజీని కూర్చోమన్నవాళ్లు లేరు. ఇంకేవైనా కారణాల వల్ల అంకె తగ్గుతుందా, కొంచెం వివరంగా చెప్పండి బాజీ గారూ అని రమేష్ బాబు తన చేత్తో వడ్డిస్తూ అడిగాడు. తన పని గురించి ఒక చదువుకున్న మనిషి అంత శ్రద్ధగా అడగడం బాజీకి అదే మొదటిసారి. సంబరంగా చెప్పాడు. పైన బరువు పెరిగితే ఊపు మందగిస్తుంది. రెండు మంచినీళ్ల ట్యాంకులు నిండితే నలభై టన్నులు, క్రేను పక్కన పేర్చిన గొట్టాలు ఇంకొక పదిహేను. అవి ఒకనాడు నిండుగా, ఒకనాడు వెలితిగా ఉంటే అంకెల్ని పోల్చకూడదు. ఎప్పుడూ ఒకే మట్టం దగ్గర చూడాలి.

"అంటే బరువు తగ్గితే అంకె పెరుగుతుందన్నమాట" అన్నాడు రమేష్ బాబు.

"పెరుగుతుందండి."

"ఎంత?"

లెక్కవేసి చెప్పాడు. అడిగితే కాయితం మీద కూడా రాసిచ్చాడు. కంగారులో తప్పు చూడకూడదని రెండు ట్యాంకుల్లోనూ మట్టం కొలిచే బెండు సెన్సార్లు తనే పెట్టి, వాటి తీగల్ని కూడా రికార్డు పెట్టెలో కలిపాడు. ట్యాంకులు మునుపటి మట్టంలోనే ఉన్న రోజులు ఏరి చూసినా అంకె ఎనభై అయిదే. తగ్గుదల బరువు వల్ల వచ్చింది కాదు. నీళ్ల కింద కాళ్లను కలిపి పట్టే ఏటవాలు గొట్టం ఏదో పగిలింది, మూడో కాలి వైపు రేకులు కూడా అదే చెబుతున్నాయి, మనుషుల్ని దించి చూడండి, పెద్దగాలులు రాకముందే చూడండి అని రమేష్ బాబుతో చెప్పాడు. అక్టోబరు, నవంబరు ఆ తీరంలో తుపాన్ల నెలలని బాపట్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తనిఖీ అయ్యాక చూద్దామన్నాడు రమేష్ బాబు.

సెప్టెంబరు ఆఖరులో తనిఖీ అధికారి వచ్చాడు. అంకె ఎనభై ఏడుకు తగ్గకుండా ఉంటే ఇంకో ఏడాది నడుపుకోమని సంతకం పెడతాడు. తెర మీద ఎనభై ఎనిమిది కనిపించింది. మళ్లీ బిర్యానీ తెప్పించారు. అధికారి తిన్నాడు, బాజీ కూడా తిన్నాడు. సెన్సార్లన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయన్న కాయితం మీద బాజీ చేత సంతకం పెట్టించారు. అందులో అబద్ధం లేదు. సెన్సార్లు సవ్యంగానే పనిచేస్తున్నాయి.

సాయంత్రం రైల్లో తెనాలికి వస్తుంటే అతనికి స్థిమితం లేదు. ఒంటి మీద గాయమైతే మానుతుంది. చెట్టుకు గాటు పడినా పూడుకుంటుంది. ఇనుము మానదు. మూడు నెలలు దిగజారిన అంకె ఉన్నట్టుండి ఎలా లేచింది? మర్నాడు బాపట్ల వెళ్లి రికార్డు పెట్టె తెరిచాడు. తనిఖీకి మూడు రోజుల ముందు నుంచి రెండు ట్యాంకుల మట్టమూ సున్నా. తనిఖీ అయిన సాయంత్రం నుంచి మళ్లీ నిండుతూ వచ్చింది. బెండ్లు చెడిపోయి ఉంటాయని ఒక్క నిమిషం అనుకున్నాడు. తన నోటికి కూడా ఆ మాటే రావడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందంటాడు.

జార్జి అప్పుడే సెలవు మీద ఇంటికొచ్చాడు. బాజీ రేపల్లె వెళ్లాడు. జార్జి అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అతని భార్య వరమ్మ గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. ట్యాంకుల సంగతేంటని బాజీ అడిగితే జార్జి దాచలేదు. దాచాల్సిన సంగతని అతనికి తోచనే లేదు.

"మూడు రోజులు స్నానాల్లేవు అన్నా. ఉప్పుచేపల్లా అయిపోయాం. నలభై టన్నుల మంచినీళ్లు, పైపు పెట్టి సముద్రంలోకి. గొట్టాలన్నీ నేనే దించా పడవలోకి. తనిఖీ అయ్యాక మళ్లీ నేనే ఎత్తా."

"ఎవడు చెప్పాడ్రా దించమని?"

"నువ్వే" అని జార్జి నవ్వాడు. "నువ్వు రాసిచ్చిన కాయితం కంట్రోలు రూములో గోడకంటించారుగా. ఏది ఎన్ని టన్నులు తీస్తే ఎంత పెరుగుద్దో అందులో ఉంది. దాన్ని చూసే చేశాం. రమేష్ బాబు గారు నిన్ను తెగ పొగిడారులే."

బాజీ లేచి అరుగు చివరకు వెళ్లి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు. మిల్లు వెనక నీళ్లు పారబోసే డ్రైవర్లను ఎన్నేళ్లు అసహ్యించుకున్నాడు. ఆ డ్రైవర్లకు ఎన్ని డ్రమ్ములు కట్టుకోవాలో లెక్కవేసి ఇచ్చినవాడు లేడు. తను రమేష్ బాబుకు వేసిచ్చాడు. కంపెనీ పెట్టిన తిండి తింటూ, పొంగిపోతూ, చేతిరాత అందంగా ఉండాలని రెండోసారి తిరగరాసి మరీ ఇచ్చాడు. రమేష్ బాబు మీద పుట్టిన రోత కంటే తన మీద పుట్టిన రోత ఎక్కువైంది.

తిరిగి వచ్చి జార్జి ఎదుట కూర్చున్నాడు. "ఒరేయ్, కింద గొట్టం పగిలిందిరా. మూడో కాలు దగ్గర. మీరు పడుకునేది దాని మీదేరా."

"తెలుసులే."

"తెలుసా?"

"తెలీకపోతే నీళ్లెందుకు పారబోస్తాం అన్నా?" జార్జి బ్లేడు కడుక్కుంటూ మామూలుగా అన్నాడు. "అది మూసేశారనుకో, పదకొండు మందిమి ఎక్కడికి పోవాలి? మళ్లీ బస్తాలెత్తమంటావా? నీకేం, నీకు కాటాలున్నాయి."

"నవంబర్లో గాలి లేస్తే?"

"ముప్పై ఏళ్లుగా లేస్తానే ఉంది."

వరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఏం పగిలిందన్నయ్యా?" అంది బాజీ వైపు చూసి.

"ఏం లేదు. నువ్వు బియ్యం చూసుకో" అన్నాడు జార్జి.

ఆమె చూసుకోలేదు. బాజీ స్టేషనుకు నడుస్తుంటే మలుపు దాకా వెనకే వచ్చింది. మొగుడు ఏ రోజూ చెప్పలేదని, అక్కడ ఏసీ ఉందని, కోడిగుడ్లు పెడతారని మాత్రమే చెప్పాడని అంది. "మీకు తెలిసిందేదో ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పండన్నయ్యా. ఆయన తిడితే తిట్టనివ్వండి. పదిహేనో తారీకు మళ్లీ ఎక్కుతాడు." అది చెప్పి, ఎవరైనా చూస్తారేమోనని పమిట సర్దుకుని గబగబా వెనక్కి వెళ్లిపోయింది.

బాజీ ముందు రమేష్ బాబు దగ్గరికే వెళ్లాడు. తిడతాడనో బతిమాలతాడనో అనుకున్నాడు. రమేష్ బాబు రెండూ చేయలేదు. కుర్చీ చూపించాడు. మీరు రాసిందే పాటించాం కదండీ అన్నాడు. బరువు లేనప్పుడు కొలవకూడదని మీ కాయితంలో ఎక్కడుందో చూపించమన్నాడు. అధికారికి ట్యాంకుల సంగతి చెప్పారా అని అడిగితే, ఆయన అడగలేదన్నాడు. ఆ తర్వాత సొరుగులోంచి తనిఖీ కాయితం నకలు తీసి, అడుగున సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది మీదే కదా బాజీ గారూ. పైకి చెప్పుకుంటే ముందు ఎవరి మీదకొస్తుందో ఆలోచించుకోండి. ఇంట్లో అందరూ కులాసానా?"

అతని బల్ల మీద సగం తిన్న గారె ఒకటి ప్లేటులో ఉంది. మాట్లాడుతూనే దాన్ని తుంచి చట్నీలో అద్దుకున్నాడు. పదకొండు మంది ఊసే ఎత్తని నోట్లో ఆ గారె నలగడం చూస్తే తనకు పుట్టిన వెగటు ఆ గుల్లలు గీకినప్పుడు కూడా పుట్టలేదంటాడు బాజీ.

రికార్డు పెట్టె తాళం అతని దగ్గరే ఉంది. జూన్ నుంచి ఊపు అంకెలు ఒక వరుస, బెండ్లు పెట్టినప్పటి నుంచి ట్యాంకుల మట్టం పక్క వరుస, తారీకులతో సహా కాయితం మీదికి తీశాడు. సెన్సార్ల సంగతి తెలియనివాడు చూసినా అర్థమయ్యేలా ఉంది. మట్టం సున్నా అయిన రోజే అంకె ఎనభై ఎనిమిది. ఆ సాయంత్రం ఇంట్లో నౌషీన్‌కు చూపించాడు. ఇది పోతే ఇంకో పని లేదు కదా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఆమె ఇంకేమీ అనకుండా ఆ కాయితాలు నలగకుండా పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టి ఇచ్చింది.

తనిఖీ అధికారి ఇంకా బాపట్ల గెస్ట్‌హౌసులోనే ఉన్నాడు. బాజీని బయట రెండు గంటలు కూర్చోబెట్టాడు. కాయితాలు చూశాక ముఖం కందగడ్డలా అయింది. కోపం రమేష్ బాబు మీద కాదు, బాజీ మీద. అప్పుడే చెప్పకుండా ఇప్పుడొచ్చి ఇరికిస్తావా అన్నాడు. ఆ రోజుకి నాకు తెలియదండి అని బాజీ అంటే నమ్మనట్టు చూశాడు. ఇది ఇంకెవరికైనా చూపించావా అని అడిగాడు. లేదండి అన్నాడు బాజీ. అధికారి ఆ కాయితాల్ని సగానికి మడిచాడు, ఇంకో మడత పెట్టాడు. జేబులోకి పోతే అవి మళ్లీ బయటికి రావని బాజీకి అర్థమైంది. వరమ్మ చెప్పిన పదిహేనో తారీకుకు ఇంకా తొమ్మిది రోజులుంది.

"అవి నకళ్లండి. అసలువి ఇంట్లో ఉన్నాయి" అన్నాడు. "మీ సంతకం ఉన్న కాయితం ఒకటుంది, ఈ అంకెలు ఉన్నాయి. గాలివానొచ్చి ఏదన్నా అయితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు కదండి. నా సంతకం కూడా ఉందిలెండి. ఇద్దరం ఒక్కచోటే నిలబడాలి."

జీవితంలో అతను ఒకరిని బెదిరించింది ఆ ఒక్కసారే. పదకొండు ప్రాణాలని చెబితే కదలని మనిషి, తన సంతకం అనేసరికి కదిలాడు. సర్టిఫికెట్టు ఆపుతున్నట్టు ఆ సాయంత్రమే ఆర్డరు రాశాడు. మంచి మాటతో అయ్యే పని కాదని తెలిసినా, అలా అయినందుకు బాజీకి ఆనందం కలగలేదు. ఆ గెస్ట్‌హౌసు మెట్లు దిగుతుంటే కాళ్లకు జిగురు అంటుకున్నట్టనిపించిందట.

పదమూడో తారీకున మునిగి చూసేవాళ్లను దించారు. మూడో కాలు దగ్గర, నీళ్ల కింద ఎనిమిది మీటర్ల లోతులో, ఏటవాలు గొట్టం కాలికి అతికిన చోట పగులు దొరికింది. గొట్టం చుట్టూ ముప్పాతిక వంతు తిరిగి ఉంది. చెయ్యి దూరేంత సందు. వాళ్లు తీసిన ఫొటోల్లో ఆ సందు లోపల కూడా నల్లటి గుల్లలు గుత్తులుగా పెరిగి కనిపించాయి. అంటే అది నిన్నా మొన్నా పగిలింది కాదు. మర్నాడు రెండు విడతలుగా, అప్పుడు పైనున్న పదకొండు మందినీ పడవలో నిజాంపట్నం చేర్చారు. జార్జి సెలవులోనే ఉన్నాడు కాబట్టి అతనికి ఫోను చేసి రావద్దన్నారు. బావులు మూసేశారు. రిగ్గును కోసి తీసేయాలని నిర్ణయమైంది.

కంపెనీ దీన్ని దాచుకోలేదు. దాచుకుని ఉంటే కొంత నయమని బాజీ అంటాడు. సెన్సార్ల సాయంతో పెద్ద ప్రమాదాన్ని ముందే పసిగట్టినందుకు తమను తామే మెచ్చుకుని, కంపెనీ పత్రికలో రెండు పేజీలు వేసుకుంది. శాలువా కప్పుకున్న రమేష్ బాబు ఫొటో ఉంది. నీళ్ల ట్యాంకుల మట్టాన్ని బట్టి అంకెల్ని ఎలా సరిచూడాలో వివరించే పట్టిక ఒకటి ఆయన తయారుచేసినట్టుగా అచ్చువేశారు. అది బాజీ రాసిన కాయితమే. టన్నుల అంకెలు కూడా మార్చలేదు. ఆ పత్రిక బాజీకి పోస్టులో వచ్చింది. అదే వారం కాంట్రాక్టు పొడిగించడం లేదన్న ఉత్తరం వచ్చింది. పత్రికను చింపడానికి కూడా చేతులు పెట్టబుద్ధి కాక పట్టకారుతో పట్టుకుని పొయ్యిలో పెట్టాడు.

నవంబర్లో తుపాను ఒకటి లేచింది. బాపట్ల తీరంలో చెట్లు పడ్డాయి, కర్లపాలెం చుట్టుపక్కల పొలాలు మునిగాయి. ఖాళీ రిగ్గు మాత్రం పడలేదు. తెల్లారి చూస్తే ఎక్కడిదక్కడే నిలబడి ఉందని జాలర్లు చెప్పారు.

డిసెంబర్లో రేపల్లె ప్యాసింజరులో జార్జి ఎదురయ్యాడు. అప్పటికి అతను రేపల్లె బస్టాండు దగ్గర అద్దె ఆటో తోలుతున్నాడు. పెట్టెలో సీట్లు ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు.

"పడిందా అన్నా?" అన్నాడు.

బాజీ ఎదుటి సీటు చూపించాడు.

"చూశావుగా. ఇంత గాలికీ నిలబడింది. ఇంకో రెండేళ్లు నిలబడేది. పిల్లది ఇంటరు పూర్తయ్యేది."

"పగులు ఫొటో చూశావా?"

"చూశా. నేను చూడకపోవడమేంటి." జార్జి కిటికీలోంచి బయటికి చూశాడు. "నన్ను అందులో పెట్టించినప్పుడు కూడా నన్ను అడగలేదు. తీయించినప్పుడూ అడగలేదు. నీ ఇష్టమేనా అన్నీ?"

వేమూరు స్టేషన్లో దిగి పక్క పెట్టెలోకి ఎక్కాడు. ఇంటికెళ్లాక ఆ మాట నౌషీన్‌తో చెప్పి, వాడన్నదాంట్లో కూడా న్యాయముందేమో అన్నాడు బాజీ. న్యాయముంటే వరమ్మను అడగమంది నౌషీన్. అడగడానికి అతను వెళ్లలేదు. క్రిస్మస్ ముందు రోజు మాత్రం రేపల్లె నుంచి వచ్చిన ఎవరో ఒక అరిసెల డబ్బా ఇచ్చి వెళ్లారు. పేరు చెప్పలేదు. స్టీలు డబ్బా అడుగున వరమ్మ అని చెక్కి ఉంది. మొగుడికి తెలియకుండా పంపిందని, డబ్బా తిరిగి పంపితే తెలుస్తుందని, దాన్ని ఇప్పటికీ నౌషీన్ అలమారలోనే ఉంచింది.

వేసవిలో రిగ్గును కోసి, ముక్కలు ముక్కలుగా బార్జీల మీద తీసుకుపోయారు. రమేష్ బాబుకు ప్రమోషను వచ్చి ఇంకో ఊరు వెళ్లాడు. అక్కడా సముద్రంలో కట్టడాలే చూస్తున్నాడట.

బాజీ ఇప్పుడు వారానికి మూడు రోజులు రేపల్లె వెళ్లి మిల్లుల వేబ్రిడ్జీలు చూస్తాడు. జార్జి ఇంటి సందు ఎదురుగా ఉన్న మిల్లు కాటా మాత్రం అతను ఒప్పుకోలేదు. దాన్ని చూడడానికి గుంటూరు నుంచి వేరే మనిషి వస్తాడు.